ఇంట్లో ఆర్కేడ్ గేమ్ పెట్టె: తక్కువ డబ్బుతో కంప్యూటర్ సామాను ఏరుకోవడం ఎలా

ఒకప్పుడు షాపుల్లో నాణెం వేసి నిలబడి ఆడిన గేమ్ పెట్టెను, లోపల పాత కంప్యూటర్ పెట్టి ఇంట్లోనే చేశాను. దానికి రంగులు వేయడం అయిపోయింది. వెనక పలకకు పన్నెండు స్క్రూలు బిగించేశాను. అక్క పిల్లలిద్దరూ చెరో జాయ్‌స్టిక్ పట్టుకుని నిలబడ్డారు. స్విచ్ వేస్తే గేము రాలేదు. నల్లటి తెర మీద రెండు వరుసల ఇంగ్లిష్ అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ముందుకెళ్లాలంటే ఎఫ్1 నొక్కాలట. నొక్కడానికి కీబోర్డు ఏది? ఆ పెట్టెకు ఉన్నవి రెండు జాయ్‌స్టిక్‌లు, పదహారు బటన్లు. "మామా, ఇదేం గేము?" అంది చిన్నది. పన్నెండు స్క్రూలూ మళ్లీ విప్పి చూస్తే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు చచ్చిపోయి ఉంది. దాని ఖరీదు ముప్పై రూపాయలు.

ఈ పనికి దిగేవాళ్లు ప్రాసెసర్ గురించి నెల రోజులు ఆలోచిస్తారు, మిగతావన్నీ ఒక్క పూటలో కొనేస్తారు. నేనూ అట్లే చేశాను. పాత ఆర్కేడ్ గేములకు కంప్యూటర్ బలం పెద్దగా అక్కర్లేదు. డబ్బు, ఓపిక పెట్టాల్సింది చేతికి తగిలే చోట, కంటికి కనబడే చోట, కరెంటు లోపలికి వచ్చే చోట. అనంతపురం లాంటి ఊళ్లో అయితే మూడోది మరీ ముఖ్యం. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

ముందు గేముల పట్టీ రాయండి

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే కాగితం మీద పది గేముల పేర్లు రాయండి. ఏ కంప్యూటర్ కొనాలో ఆ కాగితమే చెబుతుంది.

మా ఊళ్లో నా వయసు వాళ్లను అడిగితే ముందు వచ్చే పేరు "ముస్తఫా". దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. అందులో నలుగురు హీరోల్లో ముస్తఫా ఒకడు, మన దగ్గర మాత్రం గేముకే ఆ పేరు పడిపోయింది. తర్వాత స్ట్రీట్ ఫైటర్ 2, మెటల్ స్లగ్, పాక్‌మాన్, టెక్కెన్ 3. దాదాపు అందరి పట్టీ ఇంతే.

ఇవి ఏ మిషన్ల మీద నడిచాయో చూడండి. 1980 నాటి పాక్‌మాన్‌లో ఉన్నది 3 మెగాహెర్ట్జ్ జెడ్80 చిప్పు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో 10 మెగాహెర్ట్జ్ మోటరోలా 68000. 1996 నాటి మెటల్ స్లగ్‌లోనూ అదే 68000, వేగం 12 మెగాహెర్ట్జ్. ఈరోజు స్క్రాప్‌లో తూకానికి పోయే కంప్యూటర్ వేగం 3000 మెగాహెర్ట్జ్ పైమాటే. అయితే వేగాలను అలా నేరుగా పోల్చకూడదు. పాత బోర్డులోని ప్రతి చిప్పునూ సాఫ్ట్‌వేర్‌తో అనుకరించాలి కాబట్టి, అసలు మిషన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి కావాలి. అలా అనుకరించే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని 1997లో ఇటలీ ప్రోగ్రామర్ నికోలా సాల్మోరియా మొదలుపెట్టాడు. దాని పేరే మేమ్. ఇప్పటికీ ఈ రంగానికి అదే పునాది.

పట్టీలో ఉన్నవన్నీ తొంభైల మధ్య దాకా వచ్చిన చదును బొమ్మల (2డీ) గేములే అయితే, ఎవరింట్లోనో అటక మీద పడున్న కోర్ 2 డుయో కూడా సరిపోతుంది. టెక్కెన్ 3 (1997), ఆ తర్వాతి సెగా కంపెనీ గేమ్ మిషన్ డ్రీమ్‌కాస్ట్ కాలం గేములు కావాలంటే ఇంటెల్ నాలుగో తరం (నంబరు ఐ3-4130 లాగా 4తో మొదలయ్యే) ఐ3 గానీ ఐ5 గానీ ప్రాసెసర్ ఉన్నది తీసుకోండి. ప్లేస్టేషన్ 2, ఆ పైవి కూడా ఇందులోనే ఆడాలంటే గ్రాఫిక్స్ కార్డు, పెద్ద పవర్ సప్లై, పెద్ద క్యాబినెట్ అంటూ ఖర్చు చేయి దాటిపోతుంది. నన్నడిగితే ఆ కోరిక వదిలేయండి. నిలబడి ఆడే పెట్టెలో ఆ గేములు ఆడబుద్ధి కూడా కాదు.

గేము ఫైళ్ల గురించి ఒక మాట. పాతవైనా వాటికి కాపీరైట్ ఉంటుంది. గ్రిడ్‌లీ, రాబీ రోటో లాంటి కొన్నింటిని మాత్రం హక్కుదారులే వ్యాపారేతర వాడకానికి అనుమతించారు. మేమ్ వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెట్టె పనిచేస్తుందో లేదో పరీక్షించడానికి అవి చాలు.

విడిభాగాలు వద్దు, ఆఫీసు డబ్బా కొనండి

బోర్డు ఒక చోట, ప్రాసెసర్ ఒక చోట, కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ఇంకో చోట కొని బిగించడం సరదాగానే ఉంటుంది. కానీ పాత సామానులో ఏది ఏ బోర్డుకు సరిపోతుందో చూసుకోవడమే ఒక పని, ఏది చెడిపోయిందో తేల్చుకోవడం ఇంకో పని. బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డబ్బాలు అన్నీ బిగించి ఉన్నవే దొరుకుతాయి. విడిగా కొన్న సామాను మొత్తం కంటే చవక. సన్నగా ఉంటాయి కాబట్టి పెట్టె అడుగున పడుకోబెట్టవచ్చు.

ఐ5 కావాలా, ఐ3 చాలా? ఇక్కడే డబ్బు మిగుల్చుకోవచ్చు. కోర్ అంటే ప్రాసెసర్ లోపల పని చేసే భాగం. మేమ్ ఎక్కువ పని ఒకే కోర్ మీద చేస్తుంది. నాలుగు కోర్లున్నా మిగతావి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. ఐ3-4130 వేగం 3.4 గిగాహెర్ట్జ్. ఐ5-4570 మామూలుగా 3.2, గట్టిగా నెడితే 3.6. పాత గేముల్లో ఈ రెండింటికీ తేడా మీ కంటికి తెలియదు. రేటు తేడా వెయ్యి దాటితే ఐ3 తీసుకుని ఆ వెయ్యి జాయ్‌స్టిక్‌ల మీద పెట్టండి.

నేను బెంగళూరులో కంప్యూటర్ సామాను అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. అనంతపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైన. పొద్దున బస్సెక్కితే రాత్రికి డబ్బా చంకలో పెట్టుకుని ఇల్లు చేరొచ్చు. ఆదివారం మాత్రం వెళ్లకండి, చాలా షాపులు మూసేసి ఉంటాయి. గేములకని చెప్పగానే షాపతను "గ్రాఫిక్ కార్డ్ లేకుంటే ఎట్లన్నా? ఐ7 ఉంది, చూపిస్తా" అన్నాడు. ముస్తఫా గేముకు అని చెప్తే నవ్వి, మూలనున్న ఐ3 డబ్బాల దొంతర చూపించాడు. మన ఊళ్లోనే చూడాలంటే ఇంజినీరింగ్ కాలేజీలు ల్యాబ్‌లు మార్చే సమయంలో పాత కంప్యూటర్లు కొనే స్క్రాప్ వాళ్లను కనిపెట్టుకుని ఉండండి. క్లాక్ టవర్ చుట్టుపక్కల సర్వీసు షాపుల్లో చెప్పి పెడితే ఫోన్ చేస్తారు.

మరి రాస్‌ప్బెర్రీ పై? అరచేతిలో పట్టే ఆ బోర్డు మంచిదే, కరెంటు కూడా తక్కువ తాగుతుంది. కానీ బోర్డు, ఛార్జర్, మెమరీ కార్డు, ఫ్యాను అన్నీ కలిపితే పాత ఐ3 డబ్బాతో సమానంగా తేలుతుంది. పైగా పై 4కు 5 వోల్టుల దగ్గర 3 యాంపులు నికరంగా కావాలి. ఫోన్ ఛార్జర్ పెడితే తెర మూలన మెరుపు గుర్తు వస్తూ పోతూ ఉంటుంది, గేము ఈడుస్తుంది. నడుస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డులోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదమూ ఉంది. వేసవిలో మా వీధిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో లెక్కేసుకుని నేను దాని జోలికి పోలేదు.

డబ్బు ఇచ్చే ముందు ఇరవై నిమిషాలు

ఇంటి దగ్గరే ఒక పెన్‌డ్రైవ్‌లో బటోసెరా ఎక్కించుకుని వెళ్లండి. ఇది గేముల కోసమే తయారైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. లోపల ఏ హార్డ్ డిస్కూ లేకున్నా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. షాపులో దాన్ని పెట్టి ఒక గేము ఆడండి. ఆడుతూనే ఫ్యాను చప్పుడు వినండి. ప్రతి యూఎస్‌బీ రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. ఇయర్‌ఫోన్ పెట్టి సౌండు వస్తుందా చూడండి.

మూత తీయించండి. ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉండే చిన్న డబ్బీల్లాంటివి కెపాసిటర్లు. వాటి నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా ఆ బోర్డు వద్దు.

తర్వాత కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల తెర, అంటే బయోస్‌లోకి వెళ్లండి. చాలావాటికి ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ నొక్కాలి. ఆఫీసులవి కాబట్టి కొన్నింటికి పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. అది తీసేసి ఇస్తేనే కొంటానని చెప్పండి. లోపల కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని "పవర్ ఆన్" చేయండి. అప్పుడు గోడ స్విచ్ వేయగానే కంప్యూటర్ తనంతట తానే లేస్తుంది. కంపెనీ డబ్బాల్లో ముందు బటన్ వైర్లు మామూలు బోర్డుల్లా ఉండవు. పెట్టె బయటికి విడిగా పవర్ బటన్ లాగే బాధ ఈ ఒక్క సెట్టింగ్‌తో తప్పుతుంది.

ఇక ఆ ముప్పై రూపాయల సెల్లు, సీఆర్2032. కరెంటు లేనప్పుడు తేదీ, బయోస్ సెట్టింగులు గుర్తుంచుకునేది ఇదే. ఇది చస్తేనే ఎఫ్1 నొక్కమని అడిగింది. షాపులో నేను తేదీ చూశాను, సరిగ్గానే ఉంది. మరి ఇంట్లో ఎందుకు తప్పింది? కంప్యూటర్ ఆపేసి ఉన్నా ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ గోడ కరెంటుతోనే లోపలి గడియారం నడుస్తుంది. సెల్లు చచ్చినా తెలియదు. ప్లగ్ పీకించి, పక్కన టీ తాగి వచ్చి, మళ్లీ పెట్టించి తేదీ చూడండి. ఇంకా మంచి పని, కొన్న రోజే కొత్త సెల్లు వేసేయడం. సెల్లు మార్చాక బయోస్ సెట్టింగులు మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

ర్యామ్ 4 జీబీ చాలు. నాలుగో తరానికి డీడీఆర్3 పడుతుంది. 8 చేయాలనుకుంటే ఒక్క 8 కంటే రెండు 4లు నయం. రెండుంటే ర్యామ్ వేగం పెరుగుతుంది, లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. పాత హార్డ్ డిస్కును తీసి పక్కన పెట్టి, లోపల ఏదీ తిరగని 120 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయండి. ఓడిపోయిన పిల్లలు ప్యానెల్ మీద గుద్దే గుద్దులకు లోపల తిరిగే డిస్క్ తట్టుకోదు.

తెర

పాత గేములన్నీ దాదాపు 4:3 తెర (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు) కోసం గీసినవి. వెడల్పాటి టీవీలో పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, లేదా సాగదీస్తే పాక్‌మాన్ కోడిగుడ్డు అవుతాడు. ఆఫీసులు వదిలేసిన 17, 19 అంగుళాల చదరపు మానిటర్లు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, అందుకే చవక. వాటి రిజల్యూషన్ 1280x1024, అంటే కచ్చితంగా 4:3 కాదు, 5:4. అయినా 4:3 బొమ్మ పెడితే పైన 32, కింద 32 చుక్కల వరుసలు మాత్రమే ఖాళీ పోతాయి. ఎవరూ గమనించరు.

ఈ మానిటర్లకు ఉండేది వీజీఏ అనే పాత రకం వైరు రంధ్రం. నాలుగో తరం డబ్బాలకు వెనక వీజీఏ ఉంటుంది, వైరు పెడితే అయిపోయింది. ఆరో తరానికి వచ్చేసరికి చాలా డబ్బాల్లో అది మాయమై డిస్‌ప్లేపోర్ట్, హెచ్‌డీఎంఐ మిగిలాయి. అప్పుడు కన్వర్టర్ కొనాలి, అదొక అదనపు తలనొప్పి. నాలుగో తరం అని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

మానిటర్‌ను పాక్‌మాన్ లాంటి నిలువు తెర గేముల కోసం నిలువుగా పెట్టాలనుకుంటే మాత్రం కొనేముందు చేత్తో తిప్పి పక్క నుంచి చూడండి. చవక రకాల్లో ఒక కన్నుకు ఒక రంగు, ఇంకో కన్నుకు ఇంకో రంగు కనబడుతుంది. పాత డబ్బా టీవీలో ఆడితే ఆ మజాయే వేరని అనేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ వాటి లోపల వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. ఆ పని తెలిసిన మెకానిక్ పక్కన లేకుండా మూత తీయవద్దు.

చేతికి తగిలేవి

ఇద్దరు ఆడే కిట్ అని ఆన్‌లైన్‌లో వెతికితే రెండు జాయ్‌స్టిక్‌లు, బటన్లు, రెండు చిన్న యూఎస్‌బీ బోర్డులు, వైర్లు కలిపి వస్తాయి. ఆ బోర్డును ఎన్‌కోడర్ అంటారు. బటన్ నొక్కితే అది కంప్యూటర్‌కు గేమ్‌ప్యాడ్‌లాగా చెబుతుంది.

జాయ్‌స్టిక్ కింద నాలుగు మైక్రోస్విచ్‌లు ఉండాలి. కదిపితే టిక్ టిక్ అని చప్పుడు రావాలి. ఒక్కో స్విచ్‌కు మూడు కాళ్లుంటే, ఉమ్మడి కాలికి, "ఎన్ఓ" (నొక్కినప్పుడే కలిసేది) అని రాసిన కాలికి వైర్లు పెట్టాలి. పొరపాటున "ఎన్‌సీ"కి పెడితే ఎవరూ ముట్టకుండానే బటన్ నొక్కినట్టు, నొక్కగానే వదిలినట్టు తలకిందులుగా నడుస్తుంది. నా ముస్తఫా ఒక సాయంత్రమంతా ఎవరూ లేకుండానే గాల్లో ఎగురుతూ ఉన్నాడు.

వైరు కొసల వెడల్పు చూసుకోండి. 2.8 మిల్లీమీటర్లవి, 4.8 మిల్లీమీటర్లవి అని రెండు రకాలున్నాయి, ఒకటి ఇంకోదానికి పట్టదు. వడ్రంగి చేత రంధ్రాలు వేయించే ముందు బటన్లు చేతికి రానివ్వండి. కొన్నింటికి 28, కొన్నింటికి 30, చిన్నవాటికి 24 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. చెక్క ముక్క మీద ఒక రంధ్రం వేయించి, బటన్ దూర్చి చూశాకే ప్యానెల్ మీద చేయి వేయండి.

ముస్తఫాకు రెండు బటన్లు చాలు, మెటల్ స్లగ్ లాంటి నియో జియో మిషన్ గేములకు నాలుగు, స్ట్రీట్ ఫైటర్‌కు ఆరు. అందుకని ఒక్కొక్కరికి ఆరు ఆట బటన్లు, ఒక స్టార్ట్, ఒక కాయిన్. ఈ కాయిన్ బటన్‌ను చాలామంది మరిచిపోతారు. నాణెం పడనిదే గేము మొదలు కాదు, మేమ్ కూడా ఆ నియమం తప్పదు.

ఒకే రకం ఎన్‌కోడర్లు రెండు పెడితే ఇంకో చిక్కుంది. పెట్టె ఆపి మళ్లీ వేశాక ఒక్కోసారి ఒకటో ఆటగాడు రెండోవాడైపోతాడు, పిల్లల మధ్య పంచాయితీ మొదలవుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బోర్డుగా వచ్చే ఎన్‌కోడర్ దొరికితే అది తీసుకోండి. లేదంటే ఏ బోర్డు ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టారో స్కెచ్ పెన్నుతో గుర్తు రాసి, ఎప్పుడూ అక్కడే పెట్టండి.

చప్పుడు

దీనికి ఎక్కువ ఆలోచించకండి. పాత కంప్యూటర్ స్పీకర్లుంటే విప్పి లోపలి సామాను వాడుకోండి. లేకుంటే పీఏఎం8403 అనే చిన్న యాంప్లిఫైయర్ బోర్డు, పాత టీవీ నుంచి తీసిన రెండు స్పీకర్లు చాలు. అది 5 వోల్టులతో నడుస్తుంది. కంప్యూటర్ యూఎస్‌బీ నుంచే కరెంటు ఇస్తే కొన్నిసార్లు గుయ్‌మంటుంది, అప్పుడు వేరే ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి.

ఎండ, దుమ్ము, కరెంటు

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ బయట నలభై డిగ్రీలు దాటుతుంది. మూసిన చెక్క పెట్టెలో కంప్యూటర్, మానిటర్ రెండూ వేడి కక్కుతుంటే లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి అడుగున గాలి వచ్చే రంధ్రాలు, వెనక పైభాగాన గాలిని బయటికి నెట్టే 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టండి. ఆ ఫ్యాను 12 వోల్టులది. దానికి వేరే అడాప్టర్ పెడితే కంపెనీ ఎస్‌ఎంపీఎస్ వైర్లతో కుస్తీ పట్టక్కర్లేదు. అడుగు రంధ్రాలకు దోమతెర గుడ్డ అంటించండి, మన గాలిలో దుమ్ము తక్కువేం కాదు. నెలకోసారి ఆ గుడ్డ దులపండి. డబ్బా పదేళ్ల నాటిది కాబట్టి ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు ఎండి పెచ్చులుగా ఉంటుంది. గీకేసి కొత్తది రాయండి, బియ్యపు గింజంత చాలు.

ఇప్పుడు ఎర్తింగ్. దీని గురించి ఎవరూ చెప్పరు. ఎర్త్ సరిగా లేని ఇంట్లో కంప్యూటర్ ఇనుప డబ్బాను వేలి వెనక భాగంతో తాకితే జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు డబ్బాకు చేరుతుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకుంటే తాకినవాడి గుండా పోతుంది. మీ ప్యానెల్ మీద ఇనుప స్క్రూలు, జాయ్‌స్టిక్ ఇనుప కడ్డీ ఉంటాయి, చెమట చేతులతో పిల్లలు పట్టుకుంటారు. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో దూర్చడం మన దగ్గర మామూలే, ఇక్కడ మాత్రం ఆ పని చేయవద్దు. పెట్టె పెట్టే చోట ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే పెట్టెను ఆ లైన్‌కే కలపండి. లేకుంటే 600 వీఏ యూపీఎస్ ఒకటి పెడితే, కరెంటు పోయినప్పుడు మెనూ నుంచి సక్రమంగా ఆపుకునేంత సమయం దొరుకుతుంది.

బిగించే వరుస, ఖర్చు

పెట్టె చేయించకముందే మొత్తం సామాను భోజనాల బల్ల మీద పరిచి, అట్టముక్కకు బటన్లు గుచ్చి, వారం రోజులు ఆడండి. ఏది తేడా చేసినా అక్కడే బయటపడుతుంది. గేము తెరుచుకోకపోతే మిషన్‌ను తిట్టుకోకండి. మేమ్ వెర్షన్‌కు, గేము ఫైలు వెర్షన్‌కు పొత్తు కుదరక చాలాసార్లు అలా జరుగుతుంది. అన్నీ నడిచాక మానిటర్ కొలత, డబ్బా కొలత రాసి వడ్రంగికి ఇవ్వండి.

నాకు అయిన ఖర్చు ఇది: డబ్బా 5,500, ఎస్‌ఎస్‌డీ 1,100, మానిటర్ 1,500, జాయ్‌స్టిక్‌ల కిట్ 3,200, యాంప్లిఫైయర్, స్పీకర్లు 450, ఫ్యాను, అడాప్టర్ 350. మొత్తం 12,100. ప్లైవుడ్, వడ్రంగి కూలి, బస్సు ఛార్జీలు ఇందులో లేవు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రేట్లు నెల నెలా మారుతుంటాయి కాబట్టి మీ లెక్క అటూ ఇటూ అవుతుంది. ఆ సెల్లు ముప్పై రూపాయలు వేరే.

పెట్టె వెనక ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు బయటికి లాగి పెట్టండి, ఎప్పుడైనా కీబోర్డు గుచ్చడానికి. మా పెట్టె వెనక పలకకు ఇప్పుడు స్క్రూలు లేవు. రెండు మడతబందులు, ఒక గొళ్లెం.